రోగి రహస్యమును ప్రభుత్వ మడిగినచో

రోగి యింటి సంగతులను వైద్యుడు వెలుపల చెప్పరాదని చరకసంహిత విమానస్థానమున శిష్యునకు గావించు నుపదేశమునందు గలదు. మన యిండ్లలో నేటికిని స్త్రీల వ్యాధులు గుట్టుగనే యుండును. అట్టి గుట్టును కాపాడుటకై పుట్టిన శాసనమే యొక్కొకప్పుడు దానిని ప్రభుత్వాధికారి ముందు విప్పుమనుట వినుటకు వింతగా నుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నట్లే యున్నది. మన యాడపడుచు లనేకు లచ్చట కాపురములు చేయుచున్నారు గనుక సోదరీమణు లీ సంగతి తెలిసికొనదగును.

అచ్చట 1996వ సంవత్సరమున హిపా యను చట్టము పుట్టినది. దాని ననుసరించిన గోప్యతా నిబంధనలను 2003 ఏప్రిలు 14వ తేదీనుండి వైద్యశాలలు పాటింపవలసివచ్చెను. వైద్యుడు రోగి కాగితములను రోగికే యీయకపోయినను, తగని పరుల కిచ్చినను, ఆ సంగతి తెలిసిన 180 దినములలోపల ఆరోగ్యశాఖకు జేరిన పౌరహక్కుల కార్యాలయమునకు వ్రాసికొనవచ్చును. విచారణకు వలయు కాగితములను వైద్యశాల చూపితీరవలెను. అందులకు రోగి యనుమతి యక్కఱలేదు. ఇది యన్యాయమని తోచవచ్చును. కాని యనుమతి కావలెననినచో, తప్పుచేసిన వైద్యశాలయే రోగి రహస్యమను తెరచాటున దాగికొనును గదా! అధికారియు తాను చూచినదానిని, చట్టము చూపిన కొలది సందర్భములలో దప్ప, వెల్లడింపరాదు.

మేరీలాండు రాష్ట్రమునందలి సిగ్నెట్ హెల్త్ అను సంస్థ కథ వినుడు. 2008, 2009 సంవత్సరములలో 41 మంది రోగులు తమ కాగితములు తమ కిండని యడిగిరి. సంస్థ యీయలేదు. అధికారులు వ్రాసిరి, బదులు లేదు. కాగితములు తెండని సమను పంపిరి. దానికిని బదులు లేదు. తుదకు న్యాయస్థానము తీర్పు చెప్పగా, 2010 ఏప్రిలులో 59 పెట్టెలను తెచ్చి యప్పగించినది. అందు నలువదియొక్కరివే కాక, ఎవ్వరు నడుగని సుమారు 4,500 మంది కాగితములును గలవు! అడిగినవారి కీయని చేయి యడుగనివారివి కుమ్మరించినది. ఆ పెట్టెలలో నెన్ని కాన్పుల, ఎన్ని గర్భస్రావముల సంగతు లుండెనో! 2011 ఫిబ్రవరిలో 43 లక్షల డాలర్ల జరిమానా పడినది. రోగులకు కాగితము లీయనందుకు 13 లక్షలు, విచారణకు తోడ్పడనందుకు 30 లక్షలు. రోగి యెడల చేసిన తప్పుకంటె నధికారి యెడల చేసినదానికే హెచ్చు వెల కట్టుట నాకంత రుచింపలేదు.

ఫిర్యాదు చేసినందుకు రోగిపై పగ సాధింపరాదని కూడ నిబంధన గలదు. అచ్చటి కుమార్తెలతో మాటలాడునపు డీ ముక్కయు చెప్పుడు: తమ కాగితముల ప్రతులను కోరినచో వైద్యశాల సాధారణముగా 30 దినములలో నీయవలెను, జాగైనచో కారణమును వ్రాసి తెలుపవలెను.