మీకు తెలుసా? ఎర లేకుండానే గెలిచిన వీడియో గేమ్‌లు

రోజూ లాగిన్ అయితే నాణేలు, ఏముందో తెలియని మిస్టరీ పెట్టెలు, ఒక్కరోజు మానేస్తే తెగిపోయే స్ట్రీక్‌లు... ఇవేవీ లేకపోతే వీడియో గేమ్ నడవదా?

• టెట్రిస్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. పైనుంచి పడే దిమ్మలను వరుసగా పేర్చడమే ఆట. ఎంత బాగా పేర్చినా స్కోరు తప్ప బహుమతి లేదు. 1989లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌తో పాటు వచ్చి లోకాన్ని చుట్టేసింది.

• మీటను ఎన్నిసార్లు పొడిస్తే గింజ రాలుతుందో తెలియనప్పుడు పావురం విడవకుండా పొడుస్తూ ఉంటుందని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. మిస్టరీ పెట్టెలు (లూట్ బాక్సులు) పనిచేసేది ఈ సూత్రం మీదే.

• ఫేస్‌బుక్ ఆటలను వెక్కిరించడానికి 2010లో గేమ్ డిజైనర్ ఇయాన్ బోగోస్ట్ ‘కౌ క్లికర్’ తెచ్చాడు. ఆరు గంటలకోసారి ఆవుబొమ్మను నొక్కాలి, అంతే! వేలాదిమంది నిజంగానే ఆడారు. మరుసటి ఏడు ఆవులన్నిటినీ మాయం చేస్తే, ఖాళీ గడ్డిని నొక్కినవాళ్లూ ఉన్నారు.

• బహుమతి ఒక్కోసారి ఇష్టాన్నే చంపేస్తుంది. బొమ్మలు గీయడమంటే ముచ్చటపడే చిన్నపిల్లల్లో కొందరికి బహుమానం ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తర్వాత తమంతట తాముగా గీయడంలో ఆ పిల్లలే వెనకబడ్డారు. ఈ అమెరికా పరిశోధన 1973లో వెలువడింది.

• పదాన్ని ఊహించే ఆట వర్డిల్ మొదట్లో రోజుకు ఒక్క పజిలే ఇచ్చేది. ఇంకోటి కావాలంటే మర్నాటిదాకా ఆగాల్సి వచ్చేది. అయినా 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనుక్కుంది.

• ఏం కట్టాలో, ఎందుకు కట్టాలో చెప్పకుండా ఆటగాడి ఊహకే వదిలేసే మైన్‌క్రాఫ్ట్ అమ్మకాలు 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటాయి.

• ఆట మరీ వ్యసనంగా మారిందంటూ వియత్నాంకు చెందిన డాంగ్ గుయెన్ 2014 ఫిబ్రవరిలో, జోరుమీదున్న తన ‘ఫ్లాపీ బర్డ్’ను తానే యాప్ స్టోర్ల నుంచి తీసేశాడు. అందులో లూట్ బాక్సులు లేవు. ఎర లేని ఆటా అతుక్కుపోగలదన్నమాట.

• కొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. అంతకుముందే, 2012లో, జపాన్ ‘కంప్లీట్ గాచా’ను అడ్డుకుంది. బొమ్మలన్నీ సెట్టుగా కూడితేనే పెద్ద బహుమతి అని ఊరించే పద్ధతి అది.

మరి ఎర ఎవరికి కావాలి? ఆటకు కాదు, ఆటను ఉచితంగా ఇచ్చి తర్వాత పిండుకునే వ్యాపారానికి. మీ ఫోన్లో ఉన్న గేమ్ రేపటి నుంచి రోజువారీ బహుమతులు ఆపేస్తే మీరింకా ఆడతారా? ఆడతాననిపిస్తే అది మంచి ఆటే. లేదనిపిస్తే ఈరోజే తీసేయండి.