పెరట్లోనే క్లచ్ పని: ప్రాణం మాత్రం జాకీకి అప్పగించరాదు

మదనపల్లె: టమోటా కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో బాడుగ బండి ఒక్కపూట ఆగినా నష్టమే. కోసిన కాయ ఆగదు. మార్కెట్‌లో వేలం ఆగదు. సరిగ్గా అటువంటి వేళ, మిట్ట ఎక్కుతుండగా ఇంజను హోరెత్తుతుంది గాని బండి ముందుకు సాగదు. కాలిన వాసన గుప్పుమంటుంది. "క్లచ్ పోయింది" అంటూ డ్రైవరు దిగిపోతాడు. బండిని పట్నం షెడ్డుకు లాగించాలంటే ఒక ఖర్చు, అక్కడ వంతు వచ్చేదాకా కాచుకోవాలంటే మరో ఖర్చు.

అందుకే చాలా ఊళ్లలో జీపులు, పికప్‌లు నడిపేవారు ఈ పని ఇంటివద్దే చేసుకుంటున్నారు. క్లచ్ ప్లేటు చిన్న వస్తువే. కాని దాన్ని అందుకోవాలంటే గేరుబాక్సు మొత్తం దించాలి. ఖర్చులో పెద్ద వాటా ఆ దించి ఎత్తే కూలిదే. పానాలు పట్టడం తెలిసి, తోడు ఒక మనిషి ఉంటే ఆ కూలి మిగులుతుంది. ఐతే తొందరపడితే ప్లేటుతోపాటు ప్రాణమూ పోయే పని ఇది.

జబ్బు ఏదో ముందు తేల్చుకోవాలి

క్లచ్ జబ్బులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్లేటు అరగడం, రెండోది నూనె గొట్టంలో గాలి చేరడం. రెంటికీ మందు వేరు. ఇది తెలియక, గాలి తీస్తే సరిపోయేదానికి గేరుబాక్సు దించిన సందర్భాలు లేకపోలేదు.

ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది. ఇంజను వేగం పెరుగుతుంది, బండి వేగం పెరగదు. బరువు మీద, మిట్ట మీద ఇది బాగా తెలుస్తుంది. పరీక్ష సులభమే. బండిని చదును నేలమీద, ముందు ఎవరూ లేని చోట నిలిపి హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాలి. ఇంజను నడుపుతూ మూడో గేరో నాలుగో గేరో వేసి క్లచ్ నెమ్మదిగా వదలాలి. మంచి క్లచ్ అయితే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు పని అయిపోయినట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదేపదే చేస్తే మిగిలిన ప్లేటూ కాలిపోతుంది.

పెడల్ మెత్తబడి నేలకు దిగిపోవడం, గేరు వేస్తే కరకరమనడం, రెండు మూడుసార్లు తొక్కితే కొంచెం బిగువు రావడం, ఇవన్నీ గాలి చేరిన గుర్తులు. ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. ముందు ఆ కారుడు ఆపాలి. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గరగర చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి.

బొలేరో, టాటా సుమో వంటి బండ్లలో పెడల్ బలాన్ని ఫ్లూయిడ్ మోస్తుంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేరుబాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్ ఉంటాయి. మారుతీ 800 వంటి చిన్న కార్లకు తీగె క్లచ్. వాటిలో గాలి తీసే పనే లేదు. తీగె సాగిందా, తెగిందా చూసుకుంటే చాలు.

రాళ్లమీద బండి నిలపరాదు

పల్లెల్లో జాకీ ఎత్తి చక్రాల కింద రాళ్లు, ఇటుకలు పేర్చి బండి కిందికి దూరడం అలవాటు. ఇది ప్రాణాంతకం. ఇటుక ముందుగా చెప్పి పగలదు. గట్టి చదును నేల చూసుకోవాలి. నేలమీదున్న చక్రాలకు ముందూ వెనుకా చెక్క అడ్డుకట్టలు పెట్టాలి. బండిని ఎత్తాక బరువంతా ఛాసిస్ కింద పెట్టిన ఇనుప స్టాండ్లమీద నిలవాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. కిందికి దూరేముందు బండిని చేతులతో గట్టిగా ఊపి చూడాలి. కదిలితే దూరరాదు. ఇంటి పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానీయరాదు.

చింతచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ కట్టి గేరుబాక్సు దించేవారు కూడా ఉన్నారు. కొమ్మ బలం కంటికి తెలియదు. దానికన్నా బాడుగకు దొరికే గేరుబాక్సు జాకీ మేలు.

దించే వరస

మొదట బ్యాటరీ నెగటివ్ తీగె ఊడదీయాలి. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు. దాని అంచులు రెండూ కలిసే చోట ఒక గీత గీసుకుని విప్పితే మళ్లీ అదే చోట బిగించవచ్చు. లేకుంటే బండి అదురుతుంది. గేరుబాక్సు నూనె దించాక గేరు రాడ్డు, మీటరు కేబుల్, రివర్స్ లైటు తీగెలు, స్టార్టర్ మోటారు తీయాలి. స్లేవ్ సిలిండర్‌ను గొట్టం విప్పకుండానే పక్కకు తీసి తాడుతో కట్టుకోవచ్చు. అప్పుడు గాలి తీసే పని తప్పుతుంది. కాని ఆ స్థితిలో ఎవరూ పెడల్ తొక్కరాదు. తొక్కితే పిస్టన్ బయటకు ఎగిరి వస్తుంది.

గేరుబాక్సు ఊడితే ఇంజను వెనుకకు వాలుతుంది. కనుక ముందే ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాలి. గేరుబాక్సును తిన్నగా వెనక్కు లాగాలి. దాని బరువు షాఫ్టుమీద వేలాడితే ప్లేటు మధ్య భాగం వంగుతుంది. దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ ఈ జాగ్రత్త ఒకటే.

ముందు చక్రాలు తిరిగే కార్లలో ఈ పని వేరు. డ్రైవ్ షాఫ్టులు తీయాలి, ఇంజనును పైనుంచి పట్టి ఉంచాలి. అనుభవం లేనివారు వాటి జోలికి పోకుండా షెడ్డుకు పంపడమే మంచిది.

కొత్త ప్లేటు బిగింపు

లోపల పేరుకున్న నల్లటి పొడిని నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదరాదు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిబట్టతో తుడిచి ఆ బట్ట పారవేయాలి.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒక్కొక్కటే పూర్తిగా విప్పరాదు. ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి. బిగించడం కూడా అలాగే, కంపెనీ చెప్పిన బిగువుకు. ఫ్లైవీల్‌మీద నీలి మచ్చలు, గాడులు ఉంటే లేత్‌కు పంపాలి. చీలిక ఉంటే మార్చాలి. ప్లేటుకు నూనె అంటి ఉంటే ఇంజను వెనుక సీలో, గేరుబాక్సు ముందు సీలో కారుతోందన్నమాట. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ అదే దారి పడుతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చడం లాభం. బేరింగ్ కోసం మళ్లీ గేరుబాక్సు దించే బాధ ఉండదు.

కొత్త ప్లేటుకు ఏ వైపు ఫ్లైవీల్, ఏ వైపు గేరుబాక్సు అన్నది దానిమీదే రాసి ఉంటుంది. చూసి పెట్టాలి. నూనె చేతులతో తాకరాదు. ప్లేటు సరిగ్గా మధ్యకు రావడానికి పాత గేరు షాఫ్టుగాని, ఆ కొలతకు కడసాల పట్టించిన కర్రగాని దూర్చి, ఆ తర్వాతే బోల్టులు బిగించాలి. ఇది తప్పితే గేరుబాక్సు ఎంత తోసినా లోపలికి పోదు.

గాలి తీయడం ఇద్దరి పని

గొట్టం విప్పినా, సిలిండర్ మార్చినా గాలి తీయక తప్పదు. డబ్బా మూతమీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే పోయాలి. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టినదానికి అది 140 డిగ్రీలే. అందుచేత ఎప్పుడో మూత తీసిన డబ్బా వాడరాదు.

స్లేవ్ సిలిండర్ నిపుల్‌కు సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టాలి. సీట్లో కూర్చున్నవారు పెడల్‌ను నాలుగైదుసార్లు నిదానంగా తొక్కి, అలాగే నొక్కి పట్టాలి. కిందివారు నిపుల్‌ను అర చుట్టు విప్పుతారు. బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది. నిపుల్ బిగించి "వదులు" అని కేక వేశాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే వచ్చిన గాలి వచ్చినట్టే తిరిగి లోపలికి పోతుంది. పెడల్ పైకి రాకుంటే చేత్తో ఎత్తాలి.

బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. మధ్యమధ్య డబ్బా నింపుతుండాలి. అడుగంటితే మొదటికొస్తుంది. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒకటే. అక్కడ అడుగంటితే బ్రేకుల్లోకీ గాలి చేరుతుంది. అప్పుడు బ్రేకుల గాలి కూడా తీయించకుండా రోడ్డెక్కరాదు.

ఫ్లూయిడ్ అయిపోయిందని ఇంజనాయిలో, ఆముదమో పోసే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఇంజనాయిలు తగిలితే రబ్బరు వాచర్లు ఉబ్బి సిలిండర్లు పాడవుతాయి. విప్పిన వాచర్లను డీజిల్‌తో, పెట్రోలుతో కడగడమూ అంతే. ఫ్లూయిడ్ రంగుమీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి వైద్యునికి చూపించాలి. తీసిన పాత ఫ్లూయిడ్ మళ్లీ పోయరాదు, కాలువలో, బావి గట్టున పారబోయరాదు.

బరువు ఎక్కించేముందు

ఇంజను నడుపుతూ, క్లచ్ తొక్కి రెండు మూడు క్షణాలు ఆగి రివర్స్ గేరు వేసి చూడాలి. చప్పుడు లేకుండా పడితే పని సరిగా జరిగినట్టు. కొత్త ప్లేటు కుదురుకునేదాకా, అంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు, నిండు బరువు ఎత్తరాదు.

ఆపై ప్లేటు ఎన్నాళ్లు మన్నుతుందన్నది డ్రైవరు ఎడమకాలి మీద ఉంది. నడుస్తున్నంతసేపూ కాలు పెడల్‌మీదే ఆనించడం, మిట్టమీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, మోయలేనన్ని బాక్సులు ఎక్కించడం, ఈ మూడూ ప్లేటును తినేసే అలవాట్లు. మిట్టమీద ఆగవలసి వస్తే హ్యాండ్‌బ్రేకు ఉంది. దాన్ని వాడుకోవడానికి పైసా ఖర్చు లేదు.