కాన్పు తర్వాత పొట్ట: ఏ ఆపరేషన్, ఎప్పుడు?

"మూడు నెలలైనా పొట్ట తగ్గలేదు సిస్టర్, ఆపరేషన్ చేయిద్దామా?" అని బాలింతను వెంటబెట్టుకొచ్చే అత్తలు, తల్లులు అడుగుతుంటారు. తొందరపడకండి. సాగిన పొట్ట దగ్గరపడటానికి ఏడాది వరకూ పట్టవచ్చు. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు ముందు చేయించండి. మాట అనడం మాత్రం మానండి, ఆమెకు ఇప్పటికే నిద్ర చాలదు.

చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే పేరుకుంటే లైపోసక్షన్ సరిపోవచ్చు. సన్నని గొట్టంతో కొవ్వు లాగేస్తారు. చర్మం వేలాడుతున్నా, పొట్ట నడిమి కండరాలు ఎడమై ఉన్నా దానివల్ల ప్రయోజనం ఉండదు. అప్పుడు టమ్మీ టక్ చేస్తారు. మిగులు చర్మం కోసేసి, కండరాలను దగ్గరకు చేర్చి కుడతారు. ఇది పెద్ద ఆపరేషన్. పొత్తికడుపు మీద అడ్డంగా పొడవాటి మచ్చ ఉండిపోతుంది. సుమారు 6 వారాలు బరువులెత్తకూడదు, చంటిబిడ్డను కూడా. ఎత్తుకునేవారు ఇంట్లో ఉన్నారా? మళ్లీ గర్భం వస్తే బిగించినది సాగిపోవచ్చు. కాబట్టి ఇక పిల్లలు వద్దనుకున్నాకే, పాలు మాన్పించాకే ఆలోచించండి, అదీ ఆమె కోరుకుంటేనే.

దగ్గినప్పుడు బొడ్డు దగ్గర ఉబ్బు కనిపిస్తే అందం సంగతి పక్కనబెట్టి సర్జన్‌కు చూపించండి. అది హెర్నియా కావచ్చు. ఆ ఉబ్బు గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకురండి.