దగ్గు – చేపమందు – తెమడ పరీక్ష

మృగశిర కార్తె దగ్గరపడగానే మన నేతగాండ్ర ఇండ్లలో హైదరాబాదు ప్రయాణపు మాట వచ్చును. అచ్చటి బత్తిని గౌడ కుటుంబమువారు ఉబ్బసమునకు 1845 నుండి మందు పంచుచున్నామని చెప్పుదురు. బ్రతికియున్న చిన్న కొర్రమీను నోట మందుముద్ద నుంచి మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో ఇత్తురు. మందుకు కాసు పుచ్చుకొనరు. ఆ ధర్మబుద్ధిని శంకించుటకు నాకు నోరు రాదు. అయితే ఆ ముద్దలో నేమి కలియునో వారికి దప్ప అన్యులకు తెలియదు. ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రీయముగా రుజువు కాలేదు. దానిని నమ్మి డాక్టరు ఇచ్చిన పీల్చు మందు మానరాదు.

అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. దగ్గినదెల్ల ఉబ్బసము కాదు. గుంటమగ్గములో చెమ్మ, కండెలు చుట్టునపుడు రేగు నూగు, బీడీ పొగ – మన దగ్గుకు కారణములు కొదువా? అందుచేతనే క్షయ దగ్గును గూడ నూలు దుమ్మని తోసివేయుదుము. కరక్కాయ, మిరియాల కషాయము జలుబు దగ్గుకు హాయినిచ్చును, నేనును త్రాగుదును. కాని క్షయ సూక్ష్మజీవివలన వచ్చునని 1882లోనే జర్మనీ డాక్టరు రాబర్టు కాక్ చూపెను. అది కషాయమునకు చావదు. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, చిక్కిపోవుట కనబడినచో హైదరాబాదు బండి ఎక్కక ముందే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించవలెను. పరీక్షయు, మందులును ఉచితము.

ఆసుపత్రి యనగానే మగ్గము ఆగునని మనవారి బెదురు. పూర్వమది నిజమే. మదనపల్లె ఆరోగ్యవరము వంటి చోట్ల నెలల తరబడి ఉండవలసి వచ్చెడిది. 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనలో కొందరికి శానిటోరియములోను, కొందరికి ఇంటివద్దను మందులిచ్చి చూచిరి. ఇంటనున్న బీదలును ఇంచుమించు అంతే బాగుపడిరి. వారి ఇంటివారికి జబ్బు అంటుటయు హెచ్చలేదు. నేడు సాధారణ క్షయకు ఆరు నెలలు ఇంటివద్దనే మాత్రలు.

చిక్కంతయు రెండవ నెలలో నున్నది. దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఇక మాత్రలేల యనిపించును. సరిగా అప్పుడే ఎవరో పసరుమందు చెప్పుదురు. నడుమ మానినచో రోగము మందులకు లొంగనిదిగా మారవచ్చును.

చికిత్సలో నున్నవారికి ఆహారమునకై ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయుచున్నది. పాసుబుక్కుతో సంఘ కార్యాలయమునకు వచ్చినచో కాగితములు వ్రాసిపెట్టెదను. రోగి పేరు బయట పెట్టబడదు. నూలు పంపకములో తేడా చూపబడదు.