పట్టా లేనివాడికి వూళ్లో ఆస్తి లేదా?

హైదరాబాద్ పాతబస్తీలో మూసీ వొడ్డున వున్న హైకోర్టు భవనాన్ని నిజాం కాలంలో, 1920లో ప్రారంభించారు. చూడవచ్చినవాళ్లు దాని గుమ్మటాలను చూసి పోతారు. మేము చూసేది గేటు దగ్గర నిలబడ్డ మనుషులను. పాలమూరు నుంచి, చేవెళ్ల నుంచి, యాచారం దిక్కు నుంచి, జహీరాబాదు నుంచి తెల్లవారక ముందే బస్సెక్కి వచ్చినవాళ్లు. చంకన సంచి, సంచిలో కాగితాలు. వకీలు ఎక్కడ కూర్చుంటాడో తెలియదు, వాయిదా ఎప్పుడో తెలియదు. తమ వూరి భూమి సంగతి మాత్రం యిక్కడ తేలుతుందని తెలుసు.

వూరి ఆస్తి సంగతి పాతబస్తీలో తేలడం కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి సర్కారు దివానీ కింద, 30 శాతం జాగీరుల కింద, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు సర్ఫ్-ఎ-ఖాస్ కింద వుండేది. పంట పండేది పల్లెలో, శిస్తు చేరేది యీ గల్లీలలోని దేవిడీలకు. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ హైకోర్టుకు ఎంతో దూరం లేదు. యిప్పుడక్కడ దుకాణాలున్నాయి. ఆ జాగీరు పల్లెల్లో చెమటోడ్చిన వెట్టివాడి మనుమడు యివాళ అదే బజారులో మూటలు మోస్తుంటే ఆశ్చర్యపోవలసిందేమీ లేదు.

1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యాయి. జాగీర్దారులకు నష్టపరిహారం ముట్టింది. 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదార్లకు కొంత హక్కు వచ్చింది. దాని వెనుక తెలంగాణా సాయుధ పోరాటం వున్నదని వేరే చెప్పనక్కరలేదు. అయితే జీతగాడికి, కూలికి పోయే ఆడమనిషికి ఏం వచ్చింది? వాళ్ల పేరు పట్వారీ పహాణీలో ఏ గడిలోనూ లేదు. 1980లలో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పుస్తకం పోయి కంప్యూటరు వచ్చినా, కూలివాడి గడి అందులోనూ లేదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణాలో సాగుదారులు సుమారు 31 లక్షలు, వ్యవసాయ కూలీలు సుమారు 59 లక్షలు. అంటే వూరి భూమి మీద బతికేవాళ్లలో ఎక్కువమంది వూరి లెక్కలో లేరన్నమాట.

మరి వాళ్లకు వూళ్లో ఆస్తి లేదా? లెక్క వేసి చూద్దాం. నాట్లు, కలుపు, కోతలు, పత్తి ఏరడం, యివి కూలి. దానితోపాటు పొలంగట్టు మీది గడ్డి వున్నది, ఆ గడ్డి మీద బర్రె వున్నది, నాలుగు మేకలున్నవి. వరి కోసిన తర్వాత మడిలో పరిగె ఏరుకుంటారు. పత్తికట్టె పొయ్యిలోకి వస్తుంది. చెరువు నిండితే చేప దొరుకుతుంది. వానాకాలం వెనుక గుట్టల మీద సీతాఫలాలు తెంపి, గంపలు పట్నం పంపుతారు. మోదుగాకు విస్తర్లు కుడతారు. పైసలు లేనినాడు దుకాణదారు వుద్దెర పెడతాడు, ఎందుకంటే మొఖం తెలిసిన మనిషి. యిందులో ఏదీ పట్టా కాదు. కాని యిదంతా కలిస్తేనే యింట్లో పొయ్యి వెలుగుతుంది. భూమి అమ్ముడుపోయి కంచె పడ్డ రోజున యివన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆసామికి చెక్కు వస్తుంది. కూలివాడు పట్నంలో అడ్డా మీదికి వస్తాడు. అడ్డా మీద గడ్డి మొలవదు, అక్కడ వుద్దెర యిచ్చేవాడూ వుండడు. పొద్దున తొమ్మిది దాటినా మేస్త్రీ పిలవకపోతే ఆనాడు పస్తే.

అసైన్డ్ భూమి వున్నవాళ్ల సంగతి కొంచెం వేరు. ఎకరమో, అరెకరమో లావణి పట్టా. వేరేవాళ్లు కొన్నా ఆ అమ్మకం చెల్లదని 1977 చట్టం చెబుతున్నది. అయినా బ్రోకర్లు తెల్లకాగితం మీద వేలిముద్రలు వేయించుకుంటూనే వున్నారు. ప్రభుత్వమే తీసుకునేటప్పుడు మరో మాట వినపడేది: "సర్కారు యిచ్చింది, సర్కారు తీసుకుంటున్నది, నీకు నష్టపరిహారం ఎక్కడిది?" దయతలచి యిచ్చినట్టు ఎక్స్‌గ్రేషియా అనేవారు. చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం యీ వాదాన్ని తోసివేసింది. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ చెల్లించాలన్నది. యిది చిన్న విషయం కాదు. ఆ తర్వాత కూడా పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి తక్కువ రేటు చెప్పిన సందర్భాలు రంగారెడ్డి జిల్లాలో మేము చూశాం. తీర్పు తెలిసిన వూళ్లో ఆ బేరం అంత తేలికగా సాగలేదు.

గుంట భూమి కూడా లేని కూలీల హక్కు 2013 భూసేకరణ చట్టంలో వచ్చింది. భూమి లేకపోయినా, ఆ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేండ్లుగా వుంటూనో, పనిచేస్తూనో వుండి, ప్రధాన జీవనాధారం దెబ్బతినే వ్యవసాయ కూలీల, కౌలుదార్ల కుటుంబాలు "బాధిత కుటుంబాలే" అని ఆ చట్టం చెప్పింది. పునరావాసం కింద వుద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏండ్లపాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గకుండా, యిలా దారులు చూపింది. పరిగె, గడ్డి, మేక, కూలి కూడా లెక్కలోకి వచ్చే ఆస్తేనని ఒక చట్టం ఒప్పుకున్నట్టే గదా!

కాబట్టే దాన్ని తప్పించుకునే దారులు వెతికారు. 2015 జూలైలో తెలంగాణా ప్రభుత్వం జీవో 123 తెచ్చింది. యజమానితో మాట్లాడి, ధర కుదుర్చుకుని, భూమి కొనడం. యజమాని సంతకం చేశాడు గనుక సేకరణ కాదు, సేకరణ కాదు గనుక పునరావాసం లేదు. కూలివాడిని ఎవరూ అడగలేదు. ఉమ్మడి మెదక్ జిల్లాలో నిమ్జ్ పారిశ్రామిక ప్రాంతానికి భూములు పోతున్న జహీరాబాదు దిక్కు పల్లెల వ్యవసాయ కూలీలు హైకోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టివేశారు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది. పోతూనే, భూమి లేని కూలీలకూ పునరావాసం యిస్తామని మరో వుత్తర్వు యివ్వక తప్పలేదు. అంతకు ముందు రోజు వరకు "మీకేం భూమి వున్నదని వచ్చారు?" అని అడిగినవాళ్లే కూలీల జాబితాలు రాయవలసి వచ్చింది.

కోర్టును నమ్ముకుని కూర్చోమని మేము చెప్పడం లేదు. వాయిదాలు కూలివాడి రోజుకూలిని తింటాయి. బస్సు చార్జీ, వకీలు ఫీజు, పట్నంలో ఒక పూట బువ్వ, అంతా అప్పే. పైగా 2017లో వచ్చిన రాష్ట్ర సవరణ కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండానే భూమి తీసుకునే దారి తెరిచింది. కూలీల పేర్లు రాసుకోవలసిన మొదటి మెట్టునే తీసివేశారన్నమాట. అందుకని వూళ్లో సంఘం ముందుగానే ఆ పని చేసుకోవాలి.

సర్వే రాళ్లు పాతక ముందే కూలి కుటుంబాల జాబితా రాయండి. ఎవరి పొలంలో ఎన్నేండ్లుగా పనిచేస్తున్నారో రాయండి. మూడేండ్లు అన్నది చట్టంలోని మాట గనుక, దానికి రుజువు కావాలి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్, 2005 నాటి వుపాధి హామీ చట్టం కింద యిచ్చిన జాబ్ కార్డు, అందులో పనిదినాలు రాసిన పేజీలు, యివన్నీ పనికి వస్తాయి. వానకు తడిసే చూరులో పెట్టకండి. అసలు యింట్లోనే వుండనీయండి, అధికారి చేతికి నకలే యివ్వండి.

కౌలుకు చేసేవాళ్లకు కాగితం వుండదు. ఆసామి రాసివ్వడు, రాసిస్తే భూమి పోతుందని అతని భయం. అలాంటి చోట ఎరువుల దుకాణం రసీదు, ధాన్యం అమ్మిన చీటీ దాచి పెట్టుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వితంతువులు, విడాకులైనవాళ్లు, భర్త వదిలేసిన స్త్రీలు వేరు కుటుంబాలేనని 2013 చట్టం స్పష్టంగా చెప్పింది. జాబితా రాసేటప్పుడు మాత్రం అవ్వ పేరు కొడుకు పేరు కింద కలిపేస్తారు. అలా కలిపితే అదే రోజు అభ్యంతరం రాసివ్వాలి. రెండు ప్రతులు రాసి, రెండో దాని మీద తేదీ, ముద్ర వేయించుకున్న తర్వాతే ఆఫీసు మెట్లు దిగాలి.