మేక్బెత్ రాణి

ఆంగ్ల మహాకవి షేక్స్పియరు ఇంచుమించు 1606వ సంవత్సరమున రచించిన మేక్బెత్ అను విషాదాంత నాటకమున ఒక రాణి కలదు. తన యింటికి అతిథియై వచ్చిన వృద్ధరాజును నిద్రలోఁ జంపుటకు భర్తను పురికొల్పిన స్త్రీ యామె. కవి యామెకుఁ బేరైనను పెట్టలేదు. భర్త పేరుతోనే లోకము లేడీ మేక్బెత్ అని పిలుచుచున్నది. ఆమెను రాక్షసి యనువారు పెక్కుమంది. నేనట్లు తలఁపను. ఏల తలఁపనో విన్నవించెదను.

ముందుగా నొక మాట. స్కాట్లండు దేశచరిత్రమున నీ కథ వేఱు. డంకన్ రాజు 1040లో మేక్బెత్తుతోడి పోరునఁ జచ్చెను; అతఁడు వృద్ధుఁడును గాఁడు. మేక్బెత్ 1057 వఱకు రాజ్యమేలెను. అతని రాణి భర్తతోఁ గలిసి సన్యాసులకు భూదానము చేసినట్లు దానపత్రము చెప్పుచున్నది. మనము మాటలాడునది కవి సృష్టించిన రాణిని గూర్చియే.

సేనాని యగు మేక్బెత్ యుద్ధమున జయించి మరలుచుండఁగా ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, రాజవయ్యెదవని చెప్పిరి. అతఁడా సంగతి భార్యకు జాబు వ్రాసెను. జాబు చదివినంతనే యామె మనస్సున హత్య నిశ్చయమయ్యెను. భర్తకుఁ గోరిక కలదు గాని దానికిఁ దగిన క్రౌర్యము లేదని యామె యెఱుఁగును. ఇంతలో ఆ రాత్రియే రాజు తమ కోటకు వచ్చుచున్నాఁడని వార్త.

ఇచ్చట మనవారికిఁ గైక స్ఫురింపక మానదు. కాని కైకకు మంథర కలదు, భరతుఁడు కలఁడు. ఈమెకు బోధించినవారు లేరు. పట్టము కట్టుటకుఁ గొడుకును రంగమునఁ గనఁబడఁడు. తనకుఁ దానే మంథర.

అయినను ఆమె ప్రార్థనను గమనింపుఁడు. తనలోని స్త్రీత్వమును తీసివేయుఁడనియు, జాలి చొరు త్రోవలను మూసివేయుఁడనియు భూతములను వేఁడుకొనును. జాలియే లేనివారు అది పోవలెనని వేఁడుకొందురా? నిద్రించు రాజునందుఁ దన తండ్రి పోలిక కనఁబడినందుననే తాను పొడువలేకపోయితినని తరువాత నామెయే చెప్పును. హత్యానంతరము భర్త భయపడి కత్తులను వెంటఁ దెచ్చుకొనఁగా, వానిని తిరిగి కావలివాండ్ర చెంత నుంచి, వారికి నెత్తురు పూసి వచ్చినదియు నామెయే. చేతుల నెత్తురు కొంచెము నీటితోఁ బోవునని భర్తకు ధైర్యము చెప్పెను.

నన్ను మిక్కిలి బాధించునది దీని తరువాతి భాగము. ఆమె రాణి యయ్యెను; అది మొదలు భర్త యామెతో నాలోచించుట మానెను. మిత్రుఁడగు బాంకోను చంపుటకు మనుష్యులను కుదిర్చి, నీకుఁ దెలియకుండుటయే మేలనెను. మేక్డఫ్ భార్యాబిడ్డలను చంపించునప్పుడు మాటమాత్రమైనఁ జెప్పలేదు. విందులో బాంకో దయ్యమును చూచి యతఁడు వెఱ్ఱికేకలు వేయఁగా, అతిథులకు సర్దిచెప్పి పంపివేసినది మాత్ర మామె.

ఐదవ యంకమున నామె నిద్రలో నడచును. రాత్రియెల్లఁ దనచెంత దీప ముండవలెనని యాజ్ఞ. లేని నెత్తురును కడుగుకొనుచు, అంతవఱకుఁ బద్యమున మాటలాడిన రాణి తెగిన వచనమున గొణుగుకొనును. 1785లో లండనున నీ పాత్ర ధరించిన సారా సిడన్స్ అను నటి, నాటకశాల యజమాని షెరిడన్ వలదన్నను వినక, దీపమును క్రిందఁ బెట్టి రెండుచేతులను కడుగుకొనుట యభినయించెను. పూర్వపు నటీమణులు దీపమును చేతనే పట్టుకొనెడివారు. ఒంటిచేత నెవరైనఁ జేతులు కడుగుకొందురా! సిడన్సు కవిని సరిగాఁ జదివినది.

చాటునుండి చూచిన వైద్యుఁడు, ఈమెకుఁ గావలసినది నేను గాను, దైవసేవకుఁడనెను. హాని చేసికొనఁదగిన వస్తువులను దూరముగా నుంచుఁడని దాసికిఁ జెప్పి పోయెను. మరి యామె రంగమునకు రాదు. లోపల స్త్రీల యేడ్పు వినఁబడును. రాణి చనిపోయినదని సేవకుఁడు వచ్చి చెప్పును. మేక్బెత్ శవమును చూడఁబోవఁడు; శత్రుసేన కోటను సమీపించుచున్నది.