ట్రాక్టరు క్లచ్చి: సర్దుబాటు, సంరక్షణ

దమ్ము రోజులలో ట్రాక్టరు నిలిచిపోయిన రైతుకు కలుగు నష్టము రిపేరు ఖర్చుతో పోదు. కాలువ నీటి వంతు దాటిపోవును. నారు ముదురును. అద్దెకు మరొక ట్రాక్టరు దొరకుట ఆ రోజులలో కష్టము. ఇట్లు అదనులో పని ఆపివేయు లోపములలో క్లచ్చి ప్లేటు మాడిపోవుట ఒకటి. ప్లేటు మార్చవలెనన్న, చాలా ట్రాక్టర్లలో ఇంజను భాగమును, గేరుబాక్సు భాగమును విడదీసి బండిని నడుమకు రెండు చేయవలసియుండును. అది చేలో చేయదగిన పని కాదు. కాని ఆ ప్లేటును కాపాడు సర్దుబాటు, ఒక స్కేలు, రెండు స్పానర్లు, ఒక కటింగ్ ప్లేయరు ఉన్నచో మీ ఇంటి ముందే అరగంటలో అయిపోవును.

ముందుగా క్లచ్చి ఎట్లు పనిచేయునో తెలిసికొందము. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగుచుండును. గేరుబాక్సులోనికి పోవు షాఫ్టు మీద, రెండు వైపుల లైనింగు అంటించిన క్లచ్చి ప్లేటు ఉండును. దాని వెనుక ప్రెషర్ ప్లేటు, బలమైన స్ప్రింగుల ఒత్తిడితో, ఈ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టియుంచును. మీరు పెడల్ తొక్కినపుడు రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఫింగర్లను నొక్కును. ఆ ఫింగర్లు ప్రెషర్ ప్లేటును వెనుకకు లాగును. పట్టు వదలిపోయి, ఇంజను తిరుగుచున్నను చక్రములు ఆగును.

మీ రెండు అరచేతులను గట్టిగా అదిమి ఒక చేతిని త్రిప్పి చూడుడు; రెండవ చేయి దానితో పాటు తిరుగును. పట్టు కొంచెము సడలించి త్రిప్పిన, ఒకదానిపై ఒకటి జారి వేడెక్కును. క్లచ్చి విషయమంతయు ఇదే. పూర్తిగా అదిమియున్నను, పూర్తిగా విడిపోయినను ప్లేటుకు అరుగుదల లేదు. సగము పట్టు ఉన్నపుడే అది అరుగును, మాడును. బండి కదలునపుడు క్షణకాలము ఈ స్థితి తప్పదు. ఆ క్షణమును సాగదీయరాదు.

పెడల్ ప్లే

ఫింగర్లకు, రిలీజ్ బేరింగుకు నడుమ కొద్ది ఖాళీ ఉండవలెను. ఆ ఖాళీయే పైన పెడల్ దగ్గర, కొంత దూరము వదులుగా దిగుటగా తెలియును. దీనినే మెకానిక్కులు ప్లే అందురు. మామూలు క్లచ్చి ఉన్న చాలా ట్రాక్టర్లలో ఇది సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు, అనగా అటు ఇటుగా ఒక అంగుళము. మీ బండితో వచ్చిన పుస్తకములో వేరొక కొలత ఉన్నచో దానినే పాటింపుడు.

చాలామంది పొరబడు చోటు ఇక్కడ కలదు. ఏ భాగమైనను అరిగినకొలది వదులగునని మనకు అలవాటైన లెక్క. క్లచ్చిలో లెక్క తిరుగబడును. లైనింగు అరిగి పలుచనైనకొలది ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపునకు జరుగును. దానితో ఫింగర్ల కొనలు వెనుకకు వచ్చి బేరింగును సమీపించును. అందుచే ప్లే నానాటికి తగ్గిపోవును. కొంత కాలమునకు అసలు లేకుండ పోవును. అప్పుడు మీరు పెడల్ ముట్టకపోయినను, బేరింగు ఫింగర్లను ఎల్లప్పుడు నొక్కుచునే యుండును. స్ప్రింగుల పట్టు తగ్గి ప్లేటు జారుచు, గట్టి దమ్ములో ఒక పూటకే మాడిపోవచ్చును. “పెడల్ బిగువుగా, బాగున్నది” అని సంతోషించు డ్రైవరుకు ఈ సంగతి చెప్పవలెను.

కొలుచు విధానము సులభము. ఇంజను ఆపుడు. పెడల్ ప్రక్కన స్కేలు నిలిపి, కాలితో గాక చేతితో మెల్లగా నొక్కుడు. మొదట తేలికగా దిగి, ఒక చోట బరువు తగులును. అంతవరకు దిగిన దూరమే ప్లే. అయితే లింకు పిన్నులు, రంధ్రములు అరిగి లొడలొడలాడు పాత బండ్లలో ఈ కొలత మోసము చేయును. లోపల బేరింగు ఫింగర్లకు ఆనియున్నను, పైన పెడల్ వదులుగానే కనబడును. అట్టిచో ముందు పిన్నులు మార్చి, తరువాత కొలువవలెను.

సరిచేయుటకు, పెడల్ నుండి క్లచ్చి షాఫ్టు లీవరుకు పోవు రాడ్డును చూడుడు. దాని చివర ఫోర్కు, దానిని బిగించు చెక్ నట్టు ఉండును. చెక్ నట్టు వదులు చేసి, కాటర్ పిన్ను తీసి, ఫోర్కు పిన్నును లాగి, ఫోర్కును ఒక చుట్టు త్రిప్పి మరల తగిలించి కొలువుడు. ఏ వైపు త్రిప్పిన ప్లే పెరుగునో బండిని బట్టి మారును గనుక, ప్రతి చుట్టునకు కొలుచుటయే మార్గము. కొలత కుదిరిన పిమ్మట చెక్ నట్టు గట్టిగా బిగించి, కొత్త కాటర్ పిన్ను వేయుడు. పాత పిన్ను వంచి వంచి వాడిన విరిగి, పెడల్ పని చేయని సమయమున ప్రమాదము తెచ్చును. ప్లే మరీ ఎక్కువైనను మంచిది కాదు. క్లచ్చి పూర్తిగా విడక, గేరు వేయునపుడు గరగరమని పళ్లు నలుగును. సాధారణముగా 50 గంటల పనికి ఒకసారి, దమ్ము రోజులలో వారమునకు ఒకసారి తప్పక చూచుకొనుడు.

ఇంజను మోత పెరిగినను బండి లాగకపోవుట, మాడు వాసన, ఇవి క్లచ్చి జారుటకు గుర్తులు. అనుమానమున్నచో, చదునైన చోట ముందు ఎవరును లేకుండ చూచి, పార్కింగ్ బ్రేకు గట్టిగా వేసి, పై గేరులో పెట్టి, మధ్యరకము వేగములో పెడల్‌ను మెల్లగా వదలుడు. క్లచ్చి బాగున్నచో ఇంజను ఆగిపోవును. ఆగక తిరుగుచుండిన, వెంటనే పెడల్ తొక్కుడు. ఈ పరీక్ష ఒక్కసారే. మాటిమాటికి చేసిన పరీక్షయే ప్లేటును తినివేయును.

ప్లే సరిగానే ఉండి కూడ జారుచున్నచో, లైనింగు చివరకు వచ్చియుండవచ్చును, లేదా ఆయిల్ సీలు కారి లైనింగుకు నూనె పట్టియుండవచ్చును. నూనె పట్టిన ప్లేటును పెట్రోలుతో కడిగి మరల వేయించుకొనుట వృథా. లైనింగు పీల్చుకొన్న నూనె వేడికి తిరిగి పైకి వచ్చును. ఒకసారి బండి విప్పినపుడు రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు ముఖము, రెండు వైపుల సీళ్లు కూడ చూపించుడు. సీలు చేసిన బేరింగును డీజిలులో ముంచరాదు. లోని గ్రీజు కరిగిపోవును. లోపలి ధూళిని గాలిపైపుతో ఊదనీయకుడు. చాలా ఏండ్లు లైనింగులు ఆస్బెస్టాసు నారతో తయారైనవి; ఆ ధూళి ఊపిరితిత్తులకు కీడు. తడిగుడ్డతో తుడువవలెను.

నడుపు తీరు

సర్దుబాటు ఎంత చక్కగా చేసినను, పెడల్ మీద కాలు ఆనించి నడుపువాని చేతిలో క్లచ్చి నిలువదు. దమ్ములో మలుపు మలుపునకు సగము తొక్కి నడుపుట, వడ్ల బస్తాల ట్రక్కును పెద్ద గేరులో కదిలించుట, వేగము తగ్గించుటకు గేరు మార్చక క్లచ్చిపై ఆడించుట, ఇవన్నియు ప్లేటును తినివేయు అలవాట్లే. ఊబిలో దిగబడినపుడు ఇంజను పెంచి పెడల్‌ను ఒక్కసారిగా వదలకుడు. ప్లేటు మాట అటుంచి, ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడి మనిషి ప్రాణము పోవచ్చును. పనిముట్టు విడదీసి, చక్రముల ముందు మట్టి తీసి, మరొక బండితో లాగించుడు. కాలువ గట్టు దిగునపుడు కూడ పెడల్ తొక్కి వదలివేయరాదు. ఇంజను పట్టు తప్పి, బరువుతో బండి పరుగు తీయును.

రెండంచెల క్లచ్చి ఉన్న ట్రాక్టర్లలో పెడల్ సగము తొక్కిన చక్రములు మాత్రమే ఆగును. రోటవేటరును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు తిరుగుచునే యుండును. పూర్తిగా తొక్కిననే అదియు ఆగును. కనుక క్లచ్చిని నమ్మి రోటవేటరు దగ్గరకు మనిషిని పంపకుడు. ఇంజను ఆపి, తాళము తీసిన పిమ్మటనే బ్లేడ్లకు చుట్టుకొన్న గడ్డి తీయించుడు. ఈ క్లచ్చిలో రెండవ అంచె సర్దుబాటు వేరుగా ఉండును; దానిని మెకానిక్కుకు వదలుట మేలు. డ్రైవింగు, మరమ్మతు నేర్చుకొనదలచిన వారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ సంస్థ కలదు.

కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చి హౌసింగు అడుగున రంధ్రము, దానికి ప్లగ్గు ఉండును. నీటి దమ్ములో దిగునపుడు ప్లగ్గు బిగించి, పని ముగిసిన తరువాత తీసివేయవలెను. అక్కడ నుండి నూనె కారుచున్నచో సీలు పోయినట్లే. నెలల తరబడి బండిని షెడ్డులో ఉంచునపుడు తేమకు త్రుప్పుపట్టి ప్లేటు ఫ్లైవీలుకు అంటుకొనును. ఇంజను ఆపి, గేరు న్యూట్రలులో పెట్టి, బ్రేకు వేసి, పెడల్ తొక్కి దాని కొక్కెము తగిలించుడు. కొక్కెము లేనిచో కొయ్యముక్క ఆనించి, పెడల్ పైకి లేవకుండ చూచుకొనుడు.